నెలలు నిండని బిడ్డకు ఎవరి పాలు?

సరిహద్దు గ్రామాలలో పురుడు కష్టమైనప్పుడు ఇంటివారి నోట మొదట వచ్చే ప్రశ్న ‘ఏ ఊరికి తీసుకుపోవాలి?’ అన్నది. బాగేపల్లి ప్రాంతంవారికి చిక్కబళ్ళాపురం, అక్కడ కుదరకపోతే బెంగళూరు. హోసూరు చుట్టుపక్కల పల్లెలకు కూడా బెంగళూరే దగ్గర. చిత్తూరు దక్షిణపు అంచున ఉన్నవారు వేలూరు వెళ్తారు. యానాంవారు పరిపాలనకు పుదుచ్చేరికి చెందినా ప్రాణం మీదికి వస్తే కాకినాడ దారి పడతారు. పర్లాకిమిడివారికి ఒకవైపు శ్రీకాకుళం, మరొకవైపు బరంపురం. పటం మీది గీతలను అంబులెన్సు ఎక్కిన కుటుంబం లెక్కచేయదు. అయితే ఈ ప్రయాణాలలో తరచుగా జరిగే ఒక నష్టాన్ని గురించి ఆలోచించినవారు తక్కువ. తల్లి ఒక ఊరిలో ఉండిపోతుంది, బిడ్డ మరొక ఊరికి చేరుతుంది.

ఉదాహరణకు ఏడవ నెల దాటిన కొద్ది రోజులకే, అనగా 31 వారాలకు, 1,300 గ్రాముల బరువుతో ఒక బిడ్డ పుట్టిందని అనుకుందాం. ఆపరేషన్ అయిన తల్లి తాలూకా ఆసుపత్రిలో మంచం దిగలేని స్థితిలో ఉన్నది. బిడ్డను ‘బాక్సులో పెట్టాలి’ అని చెప్పి నూరు కిలోమీటర్ల దూరంలోని పెద్దాసుపత్రికి పంపుతారు. వెంట తండ్రి, అమ్మమ్మ వెళ్తారు. మరునాటి ఉదయం అక్కడి నర్సు ‘తల్లి పాలు తెచ్చారా?’ అని అడుగుతుంది. వారివద్ద సమాధానం ఉండదు. తరువాత ఒక కాగితం చూపి, ‘వేరొక తల్లి దానమిచ్చిన పాలు పడతాము, సంతకం చేయండి’ అంటారు. అమ్మమ్మ ముఖంలో సందేహం, తండ్రి చేతిలో కలం. సరిహద్దు జిల్లాలలోని ఏ కుటుంబానికైనా ఎదురుకాగల ఈ ఘట్టంలో తీసుకోవలసిన నిర్ణయానికి తగిన సమాచారం ముందుగానే ఇంటిలో ఉండటం అవసరం.

37 వారాలు నిండకముందే పుట్టిన బిడ్డను వైద్యులు నెలలు నిండని శిశువుగా పరిగణిస్తారు. 2020లో ప్రపంచం మొత్తం మీద ఇటువంటి శిశువులు సుమారు 1 కోటి 34 లక్షల మంది జన్మించగా, అందులో 30 లక్షలకు పైబడినవారు భారతదేశంలోనే పుట్టారని అంచనా. మరే దేశంలోనూ ఇంత సంఖ్య లేదు. ‘ఏడో నెల బిడ్డ బతుకుతుంది గాని ఎనిమిదో నెల బిడ్డ బతకదు’ అని మన పల్లెల్లో నేటికీ వినవచ్చే మాటకు వైద్యశాస్త్రంలో ఆధారం లేదు. గర్భంలో గడిపిన ప్రతి వారమూ బిడ్డకు బలమే.

ఇటువంటి బిడ్డకు ఊపిరితిత్తుల తరువాత ఎక్కువ ప్రమాదం పేగులనుండి వస్తుంది. పేగు లోపలి పొర ఇంకా పక్వం కాలేదు. ఆ స్థితిలో వాపు వచ్చి, కణజాలం చనిపోయి, ఒక్కొక్కప్పుడు పేగుకు చిల్లు పడే వ్యాధిని ‘నెక్రోటైజింగ్ ఎంటిరోకొలైటిస్’ అంటారు. పొద్దున బాగున్న బిడ్డ సాయంత్రానికి పొట్ట ఉబ్బి, పసరు కక్కి, ప్రాణాపాయ స్థితికి చేరవచ్చు. దానమిచ్చిన తల్లిపాలు తాగిన శిశువులతో పోల్చితే డబ్బా పాలపొడితో పెరిగిన నెలతక్కువ శిశువులలో ఈ వ్యాధి దాదాపు రెండింతలు కనిపించిందని అనేక పరిశోధనలను కలిపి చూసిన సమీక్షలు తెలుపుతున్నాయి. అయితే అదే సమీక్షలలో మరొక విషయం కూడా ఉన్నది. పాలపొడి తాగిన శిశువులు ఆసుపత్రిలో ఉన్న రోజులలో కొంత వేగంగా బరువు పెరిగారు. ఈ నిజాన్ని దాచి తల్లిపాలను పొగడటం వలన ప్రయోజనం లేదు. ‘పక్క బాక్సులోని బిడ్డ ఎదుగుతున్నాడు, మన బిడ్డ ఎదగటం లేదు’ అని బంధువులు ఆందోళనపడేది ఇక్కడే. అందువల్లనే మరీ తక్కువ బరువున్న బిడ్డలకు అవసరమైతే వైద్యులు తల్లిపాలలోనే మాంసకృత్తులు, ఖనిజాలు గల పొడిని కలిపి ఇస్తారు. బరువు నెమ్మదిగానైనా పెరుగుతుంది. చెడిన పేగును బాగుచేయటం మాత్రం అంత సులభం కాదు.

ఇక పరిమాణం సంగతి. కిలో బరువున్న బిడ్డకు మొదటి రోజున రెండు గంటలకొకసారి ఇచ్చేది సుమారు 2 మి.లీ. పాలు. రోజంతటికీ కలిపి 24 మి.లీ. మాత్రమే. బిడ్డ తట్టుకున్నకొద్దీ దినదినమూ పెంచి, రోజుకు 150 మి.లీ. వరకు తీసుకుపోతారు. పీల్చటం, మింగటం, ఊపిరి తీయటం ఈ మూడింటినీ కలిపి చేయగల నేర్పు బిడ్డకు 34 వారాల ప్రాంతంలో వస్తుంది. అంతవరకు సన్నని గొట్టం ద్వారా నేరుగా కడుపులోకి పాలు పంపుతారు. తరువాత ఉగ్గుగిన్నెతో పడతారు. మన అమ్మమ్మల పెట్టెలలో మిగిలిన ఉగ్గుగిన్నె వంటి పాత్రకే నేటి నవజాత శిశు విభాగాలలో ఎంతో విలువ ఉన్నది. పాలసీసాను అక్కడికి రానివ్వరు.

ఈ లెక్కను కుటుంబాలు గుర్తుంచుకొనవలసిన కారణం ఉన్నది. ‘తల్లికి పాలు పడలేదు, చుక్కలు చుక్కలుగానే వస్తున్నాయి’ అని నిరాశపడి తీయటమే మానివేస్తారు. మొదటి రెండు మూడు దినములు వచ్చే ముర్రుపాలు చుక్కలుగానే వస్తాయి. నెలతక్కువ బిడ్డకు కావలసినదీ చుక్కలే. పైగా నెలలు నిండకుండా ప్రసవించిన తల్లి పాలలో మొదటి వారాలలో మాంసకృత్తులు ఎక్కువగా ఉంటాయి.

ఆసుపత్రి గడప లోపల ఇంత జాగ్రత్త తీసుకుంటుండగా గడప వెలుపల జరుగుతున్నది వేరు. తేనె నాకించటం, పంచదార నీళ్ళు పట్టటం, ఆముదం చుక్క వేయటం, ఆవుపాలలో నీళ్ళు కలిపి పోతపాలుగా ఇవ్వటం, వీధిలో గాడిద వస్తే ఆ పాలను గిన్నెడు కొని దగ్గుకూ ఆయాసానికీ మందుగా పోయటం ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు సరిహద్దు పట్టణాలలో ఈనాటికీ అంతరించలేదు. పుష్టిగా పుట్టిన బిడ్డకే ఇవి మంచివి కావు. నెలతక్కువ బిడ్డ విషయంలో ఆ గిన్నెడు పచ్చిపాలు ప్రాణాంతకం కావచ్చు. ‘పరాయి తల్లి పాలా?’ అని సంకోచించే ఇల్లే గాడిద పాలకు సంకోచించకపోవటం ఒక వింత.

దాత పాలను భద్రపరచే పాల బ్యాంకు ఆలోచన కొత్తది కాదు. 1909లో వియన్నాలో థియోడర్ ఎషెరిక్ అనే శిశువైద్యుడు మొదటి కేంద్రాన్ని నెలకొల్పాడు. 1980లలో ఎయిడ్స్ భయంతో పాశ్చాత్య దేశాలలో ఎన్నో కేంద్రాలు మూతపడ్డాయి. ఆ భయం ఇంకా సద్దుమణగకముందే, 1989 నవంబరు 27న, ముంబైలోని సయన్ ఆసుపత్రిలో డాక్టర్ ఆర్మీడా ఫెర్నాండెజ్ ‘స్నేహ’ పేరుతో పాల బ్యాంకు ప్రారంభించారు. ఆసియా ఖండంలోనే ఇది మొదటిదిగా ప్రసిద్ధి. ధారావి మురికివాడ పక్కనే ఉన్న, పేదలు వచ్చే మునిసిపల్ ఆసుపత్రి అది. ధనికుల ఆసుపత్రిలో గాక అటువంటి చోట ఇది మొదలు కావటం గమనార్హం.

అక్కడి పద్ధతే స్వల్ప భేదాలతో అంతటా అమలవుతున్నది. పాలు ఇవ్వదలచిన తల్లిని మొదట ఆరోగ్య విషయాలు అడుగుతారు. పొగాకు, మద్యం అలవాట్లు, వాడుతున్న మందులు, ఇటీవలి జబ్బులు తెలుసుకుంటారు. రక్తంలో హెచ్ఐవీ, హెపటైటిస్-బి, సిఫిలిస్ పరీక్షలు చేస్తారు. తన బిడ్డకు సరిపోగా మిగిలితేనే తీసుకుంటారు. సేకరించిన పాలను 62.5 డిగ్రీల సెల్సియస్ వేడిలో 30 నిమిషాలు ఉంచి వెంటనే చల్లార్చుతారు. సూక్ష్మక్రిముల పరీక్షకు నమూనా పంపుతారు. పరీక్షలో నెగ్గిన పాలను మైనస్ 20 డిగ్రీల వద్ద గడ్డకట్టించి నెలల తరబడి నిలువ ఉంచుతారు. ఇంటిలో పొయ్యి మీద పాలు కాచినట్లు పొంగనివ్వరు. అంత వేడికి పాలలోని మేలు కూడా పోతుంది.

62.5 డిగ్రీల వద్ద కూడా కొంత మేలు పోతుందన్నది ఒప్పుకొనవలసిన విషయం. పాలలోని జీవకణాలు చనిపోతాయి, రోగనిరోధక పదార్థాలు కొన్ని తగ్గుతాయి. హెచ్ఐవీ వంటి వైరసులు, హానికర బాక్టీరియా నశించటం ఇందుకు ప్రతిఫలం. పేగులకు మేలుచేసే చక్కెరలు చాలావరకు నిలుస్తాయి. కనుక వైద్యుల వరుస స్పష్టంగా ఉన్నది. మొదట కన్నతల్లి పాలు. అవి అందనప్పుడు, చాలనప్పుడు దాత పాలు. అవీ లేనప్పుడే పాలపొడి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వెలువరించిన సిఫారసులలోనూ కన్నతల్లి పాలకే ప్రథమ స్థానం, అవి లేనప్పుడు దాత పాలకు తరువాతి స్థానం.

మరి ఈ బ్యాంకులు ఎక్కడ ఉన్నవి? తమిళనాడు ప్రభుత్వం 2015 ఆగస్టులో ఏడు ప్రభుత్వ ఆసుపత్రులలో తల్లిపాల బ్యాంకులను ప్రారంభించింది. పుదుచ్చేరి జిప్‌మర్‌లో ‘అముదం’ పేరిట ఒకటి 2016లో వచ్చింది. హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రిలో ‘ధాత్రి’ 2017లో మొదలైంది. బెంగళూరు వాణీవిలాస్ ఆసుపత్రిలో ‘అమృతధారె’ 2022లో ఏర్పడింది. అముదమన్నా అమృతమన్నా ఒకటే. రెండు భాషలవారూ ఒకే పేరు ఎంచుకోవటం ముచ్చటగానే ఉన్నది గాని, ఈ జాబితా పొడవునా ఉన్నవి పెద్ద నగరాలు. యానాం తల్లికి తన సొంత కేంద్రపాలిత ప్రాంతపు బ్యాంకు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నది. సిరొంచ నుండి గాని, రాయగడ నుండి గాని చూస్తే ఏ బ్యాంకైనా దూరమే.

అలాగని ప్రతి తాలూకా కేంద్రంలోనూ పాల బ్యాంకు కావాలని వినతిపత్రాలు సమర్పించటం సరైన దారి కాదు. శిక్షణ పొందిన సిబ్బంది, నిరంతర విద్యుత్తు, క్రిమి పరీక్షల ప్రయోగశాల లేనిచోట బ్యాంకు పెట్టటం ప్రమాదమే. కేంద్ర ఆరోగ్య శాఖ 2017లో వెలువరించిన మార్గదర్శకాలు ఈ విషయంలో తెలివైన ఏర్పాటు సూచించాయి. పెద్ద ఆసుపత్రులలో దాత పాలు సేకరించి శుద్ధిచేసే సమగ్ర కేంద్రాలు ఉంటాయి. వాటికి దిగువన ‘లాక్టేషన్ మేనేజ్‌మెంట్ యూనిట్లు’ ఉంటాయి. వీటిలో దాత పాలు ఉండవు. ఏ తల్లి పాలను ఆ తల్లి బిడ్డకే ఇచ్చేందుకు తీయించి, పేరు రాసి, చల్లగా భద్రపరచే గది మాత్రమే ఉంటుంది. ఒక శుభ్రమైన గది, కొన్ని పంపులు, ఒక ఫ్రిజ్, ఓపికగా చెప్పే ఒక నర్సు. సరిహద్దు జిల్లాల ప్రజాప్రతినిధులు మొదట అడగవలసినది దీనిని. రిబ్బను కత్తిరించే సభకు పెద్ద బ్యాంకు బాగుంటుంది గనుక చిన్న గదిని ఎవరూ అడగటం లేదు.

ఇక అమ్మమ్మ ముఖంలోని సందేహానికి వద్దాం. ‘ఎవరి పాలో, ఏ కులంవారివో’ అన్న మాట పైకి అనకపోయినా మనసులో ఉంటుంది. ఒకప్పుడు మన ఊళ్ళలో తల్లి పోయిన బిడ్డకు, ఆసరాలేని బిడ్డకు ఇరుగుపొరుగు బాలింతలు చన్నిచ్చి పెంచిన సంగతి పెద్దలకు తెలుసు. కుమారస్వామికి ఆరుగురు కృత్తికలు పాలిచ్చారని పురాణం చెప్పుకునే సమాజం మనది. యశోద కృష్ణుని కన్నతల్లి కాదని తెలియనివారు లేరు. పాలతో కులం మారదు, గుణం మారదు. దాది పాలు తాగి పెరిగినవారు ప్రతి కులంలోనూ ఉన్నారు.

అయితే పాత పద్ధతిని ఇప్పుడు అలాగే పాటించమనటం కూడదు. పరీక్షలు లేకుండా పొరుగు తల్లి పచ్చి పాలను నెలతక్కువ బిడ్డకు పట్టటం వలన హెచ్ఐవీ వంటి వ్యాధులు సోకే అవకాశం ఉన్నది. మనసు ఎంత మంచిదైనా రక్తపరీక్ష దానికి బదులు కాదు.

ముస్లిం కుటుంబాల సంకోచం వేరే విధమైనది, దానిని తేలికగా తీసుకోరాదు. ఇస్లాం ధర్మంలో ఒక స్త్రీ వద్ద నిర్ణీత రీతిలో పాలు తాగిన బిడ్డకు ఆమె పాలతల్లి అవుతుంది. ఆమె బిడ్డలు తోబుట్టువులు అవుతారు, వారి మధ్య వివాహం నిషిద్ధం. బ్యాంకులో పలువురి పాలు కలిసిపోతే ఈ బంధుత్వం తెలియదు కదా అన్నది ప్రశ్న. 2004లో ఐరోపాకు చెందిన ఫత్వా మండలి నెలతక్కువ బిడ్డల అవసరం దృష్ట్యా అనుమతించవచ్చని చెప్పింది. 2024 జూన్‌లో పాకిస్తాన్‌లోని కరాచీలో ప్రారంభం కానున్న పాల బ్యాంకు మతపెద్దల అభిప్రాయం మారిన కారణంగా నిలిచిపోయింది. మలేషియాలో దాత కుటుంబాన్నీ గ్రహీత కుటుంబాన్నీ పరస్పరం పరిచయం చేసి పాలు ఇచ్చే పద్ధతి ఉన్నది. మన సరిహద్దు పట్టణాలలోని ఆసుపత్రులు ఈ ప్రశ్నను ముందే ఊహించి, స్థానిక మతపెద్దలతో మాట్లాడి ఉంచితే, రాత్రి రెండు గంటలకు ఒక తండ్రి ఒంటరిగా ఆ ధర్మసంకటంలో పడే అవసరం ఉండదు.

మరొక ప్రశ్న డబ్బుకు సంబంధించినది. ఆసుపత్రి పాల బ్యాంకుకు ఇచ్చే పాలు స్వచ్ఛంద దానం, వాటికి వెల లేదు. తల్లిపాలను, వాటితో చేసిన పదార్థాలను శుద్ధిచేసి అమ్మటానికి చట్టం అనుమతించదని, అటువంటి వ్యాపారానికి లైసెన్సులు ఇవ్వరాదని ఆహార భద్రతా సంస్థ 2021లోనూ, మరల 2024 మేలోనూ స్పష్టం చేసింది. ఈ కట్టడి అనవసరమని భావించేవారు కంబోడియా ఉదంతం చూడాలి. అక్కడి పేద తల్లుల వద్ద పాలు కొని అమెరికాకు పంపిన ఒక సంస్థ వ్యాపారాన్ని ఆ దేశ ప్రభుత్వం 2017 మార్చిలో నిషేధించింది. పాలకు వెల కడితే పేద ఇంటి బిడ్డకు దక్కవలసిన పాలు సీసాలోకి పోతాయి. ఊరికి వచ్చి ‘తల్లిపాలకు డబ్బులిస్తాము’ అనే ఏజెంటు ఎవరైనా కనిపిస్తే ఆశా కార్యకర్తకు చెప్పటం మంచిది.

దానమిచ్చే తల్లులలో కొందరి సంగతి చెప్పకుండా ఉండలేము. బిడ్డ దక్కని తల్లికి కూడా రెండు మూడు దినాలలో పాలు వస్తాయి. రొమ్ములు గడ్డకట్టి సలుపుతాయి. ఆ బాధలో ఉన్న తల్లిని ఎవరూ ఏమీ అడగరాదు. అయినా తనంతట తానే వచ్చి ఆ పాలను ఇచ్చిపోయే తల్లులు ఉన్నారు. అటువంటి సీసా మీద కూడా ఒక సంఖ్య తప్ప పేరు ఉండదు.

ఇంత చెప్పిన తరువాత మొదటి ఘట్టానికి తిరిగి రావాలి. ఆ బిడ్డకు దాత పాలు అవసరమైనది తల్లికి పాలు లేక కాదు, తల్లి నూరు కిలోమీటర్ల దూరాన ఉండటం చేత. 2021లో వెలువడిన ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనం ఇక్కడ గుర్తుచేయదగినది. భారతదేశంతో సహా అయిదు దేశాల ఆసుపత్రులలో, 1 కిలో నుండి 1.8 కిలోల లోపు బరువున్న బిడ్డలను పుట్టిన వెంటనే తల్లి రొమ్ముకు ఆనించి ఉంచి, తల్లి మంచాన్ని కూడా శిశు విభాగంలోనే వేసినప్పుడు, 28 దినాల లోపు మరణాలు నాలుగింట ఒక వంతు తగ్గాయి. అనగా తల్లి కూడా చికిత్సలో ఒక భాగం. ఆమెను తాలూకా ఆసుపత్రిలో వదలి బిడ్డను మాత్రమే పంపటం సగం మందు ఇక్కడే మరచిపోయినట్లు.

కనుక అంబులెన్సు బయలుదేరేముందు కుటుంబం అడగవలసిన మాట ఒకటున్నది: తల్లిని కూడా పంపవచ్చునా? ప్రసవానికి ముందే ప్రమాదం తెలిసినప్పుడు గర్భిణినే పెద్దాసుపత్రికి చేర్చటం అన్నింటికంటె ఉత్తమం. 2011 నుండి అన్ని రాష్ట్రాలలో అమలవుతున్న జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రులలో బాలింతకు, జబ్బుపడిన నవజాత శిశువుకు చికిత్స ఉచితం. ఒక ఆసుపత్రి నుండి మరొక ఆసుపత్రికి రవాణా కూడా ఉచితం. తల్లి కదలలేని పక్షంలో ఆమె ఉన్నచోటనే మొదటి కొన్ని గంటలలో పాలు తీయటం ఆరంభించాలి. రాత్రితో సహా రోజుకు ఎనిమిది సార్లు తీయాలి. బిడ్డ దగ్గర లేదని ఊరుకుంటే వారంలో పాలు వెనక్కు పోతాయి. బిడ్డ ఇంటికి వచ్చే నాటికి పోతపాలే శరణ్యమవుతుంది. తీసిన పాలను దూరాన ఉన్న బిడ్డకు చేర్చటం సాధ్యమా, ఏ పాత్రలో, ఎంత చల్లగా అన్నది బిడ్డ ఉన్న ఆసుపత్రి నర్సునే ఫోనులో అడగాలి. బస్సులో ఎవరో తెలిసినవారి చేత మామూలు సీసాలో పంపించే పని చేయరాదు.

చివరగా ఆ కాగితం. దాత పాలు పట్టేముందు తల్లిదండ్రుల అంగీకారం తీసుకోవాలి. బెంగళూరులో ఆ పత్రం కన్నడంలోనో ఇంగ్లీషులోనో, వేలూరులో తమిళంలో, బరంపురంలో ఒడియాలో ఉంటుంది. తాయి హాలు, తాయ్ పాల్, మా క్షీర అన్న మాటలు సరిహద్దువారికి అర్థం కానివి కావు. అయితే పత్రంలోని పరీక్షల పేర్లు, షరతులు అర్థమవుతాయని అనుకోలేము. తెలుగు చదవగల తల్లి చేత తెలియని లిపిలో సంతకం చేయించటం అంగీకారం అనిపించుకోదు. రెండు భాషలలో ముద్రించటానికి ఒక ప్రభుత్వానికి అయ్యే ఖర్చు ఎంత? అంతవరకు నోటితోనైనా చెప్పమని అడిగే హక్కు కుటుంబానికి ఉన్నది. బెంగళూరు, వేలూరు వార్డులలో తెలుగు తెలిసిన నర్సులకు కొదువ లేదు. పాలు పరీక్షించినవేనా, ఎన్నాళ్ళు పడతారు, తల్లి పాలు వచ్చిన తరువాత ఏమి చేస్తారు అని అడగవచ్చు. మూడవ ప్రశ్నకు మంచి ఆసుపత్రులలో వచ్చే సమాధానం ఒక్కటే. తల్లి చేరిన రోజున ఆమెకు 5 మి.లీ. వచ్చినా ముందుగా గొట్టంలో పోసేవి అవే. కొరవ మాత్రమే బ్యాంకు సీసా నుండి తీస్తారు.